బొటనవేలు పోయాక ఏకలవ్యుడు బాణం వేయలేకపోయాడా?

ప్రశ్న: ఒలింపిక్స్‌లో చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లతోనే నారి లాగుతారు. మరి ద్రోణుడు కుడి బొటనవేలే ఎందుకు అడిగినట్టు?

జవాబు: లాగే పద్ధతి వేరైతే లెక్క మారుతుంది. బొటనవేలి పద్ధతిలో నారిని ఆ వేలికి తగిలించి, చూపుడు వేలిని దాని గోరు మీదికి వంచి బిగిస్తారు. కుడిచేత్తో లాగేవాళ్లకు బాణం వింటికి కుడిపక్కన ఆనుతుంది, చేతి మెలిక దాన్ని వింటికేసి నొక్కిపెడుతుంది. మూడు వేళ్లతో లాగితే మెలిక అటుతిప్పుగా పడుతుంది. పాత అలవాటున కుడిపక్కనే పెడితే బాణం వింటిని వదిలి జారిపోతుంది, ఎడమపక్కకు మార్చుకోవాల్సిందే.

ప్రశ్న: మార్చుకుంటే సరిపోదా?

మరొకరి జవాబు: మార్చుకోవచ్చు, కానీ వేగం పోతుంది. అమ్ములపొది నుంచి తెచ్చిన బాణాన్ని కుడిచెయ్యి నేరుగా కుడిపక్కన ఆనించగలదు. ఎడమపక్కకైతే వింటిని దాటించాలి. ఆదిపర్వం చెప్పేదీ వేగం సంగతే: ఆ తర్వాత అతను మిగతా వేళ్లతోనే లాగాడు, మునుపటి చురుకు మాత్రం రాలేదు. మొరిగే కుక్క నోట్లోకి ఒక్కసారిగా 7 బాణాలు వేసినవాడు కోల్పోయింది అదే. విలువిద్యే పోయిందనడం అతనికి అన్యాయం చేయడమే.