చోకు సుకిలో (తిన్నగా పొడిచే పోటు) జో కర్ర కొస చివర్లో ఊగిపోతోంది, తప్పు ఎక్కడ?

కొత్తకర్ర:
ఐకిడో (జపాన్ యుద్ధకళ) మొదలుపెట్టి ఏడాది దాటింది కానీ జో పట్టుకుని రెండు నెలలే. ఐకిడో గురువు సైతో మొరిహిరో గారి 20 సుబురిలో (ఒంటరిగా చేసే కర్ర సాధనలు) మొదటిదైన చోకు సుకి దగ్గరే ఇరుక్కుపోయాను. నెమ్మదిగా పొడిస్తే బాగానే వెళ్తుంది. కాస్త వేగం పెంచానా, సగం దాకా తిన్నగా వెళ్లిన కర్ర సరిగ్గా ఆఖర్లో బెత్తెడు కిందకి దిగిపోతుంది, లేదంటే పక్కకి కొడుతుంది. సెన్సేని (గురువుని) అడిగితే ముందున్న ఎడమ చెయ్యి వదులు చెయ్ అంటారు, వదులు చేస్తే ఇంకా ఊగుతోంది! ఎడమ చేతి బొటనవేలి సందులో తోలు ఊడింది, రాత్రికి కుడి భుజం పట్టేస్తోంది. పొడుగు కర్రయితే కాస్త నిలకడగా ఉంటుందేమో, కొన్నాళ్లు 6 షాకుల (దాదాపు ఆరడుగుల) బో కర్రతో చేస్తే అలవాటవుతుందా?

పాతజో:
బో ఆలోచన మానుకో తమ్ముడూ. 182 సెంటీమీటర్ల కర్రతో ఇదే తప్పు చేస్తే కొస ఇంకా ఎక్కువ ఊగుతుంది.

మీ సెన్సే చెప్పింది నిజమే, సగమే చెప్పారు. జో పొడవు దాదాపు 128 సెంటీమీటర్లు కదా. పోటు మొదట్లో నీ రెండు చేతుల మధ్య 50 ఉందనుకో, ముందు చెయ్యి దాటి 78 ఉంటుంది. అప్పుడు వెనక చెయ్యి ఒక సెంటీమీటరు లేస్తే కొస ఒకటిన్నర దిగుతుంది, ఎవరికీ కనపడదు. పొడిచేసరికి కర్ర ముందు చేతిలోంచి జారి ముందుకు పోతుంది, చేతుల మధ్య 25 మిగిలితే అవతల 103. ఇప్పుడు అదే ఒక సెంటీమీటరుకి కొస నాలుగు దిగుతుంది. నువ్వు సగం దాకా బాగానే ఉంది అంటున్నావే, అప్పుడూ బాగాలేదు, తెలియలేదంతే. తప్పంతా వెనక చేతిలో ఉంది. తుంటి దగ్గర మొదలైన చెయ్యి పొడుస్తూ పొడుస్తూ ఛాతీ వైపు లేచిపోతోంది, దాన్ని ఆపడానికి నువ్వు ముందు చేత్తో కర్రని పిసుకుతున్నావు, తోలు ఊడింది అందుకే.

నేను నేర్చుకున్నప్పుడు నాలుగైదు వారాలు ఒకటే పని చేశాను. ఎడమ చేత్తో కర్ర పట్టుకోవడం మానేసి బొటనవేలు, చూపుడువేలు కలిపి ఉంగరంలా పెట్టి, దాంట్లోంచి కర్రని అడుగులు వేయకుండా ముందుకి వెనక్కి జరిపాను. వెనక చెయ్యి పక్కదారి పట్టగానే కర్ర ఆ ఉంగరానికి ఒక వైపు రాసుకుంటుంది, ఎటు రాసుకుందో తోలుకే తెలిసిపోతుంది, అద్దం కూడా అక్కర్లేదు. రోజుకి 50 చాలు, 500 చేస్తే అలసిపోయి మళ్లీ పిసకడం మొదలుపెడతావు.

సుయిగెత్సు:
నేను ఐకిడో కాదు, జోదో (జో కర్ర విద్య). మా దగ్గర పద్ధతి వేరు కాబట్టి కొంచెం జాగ్రత్తగా తీసుకోండి. జపాన్ కెండో సమాఖ్య వాళ్ల సేతే (ప్రామాణిక) జోదోలో 12 ప్రాథమిక పద్ధతులుంటాయి, మొదటి మూడూ దెబ్బలే, పోటు నాలుగోదాంట్లో గానీ రాదు. అంటే కర్ర మీద పట్టు కుదిరాకే పొడవమంటారు. ఐకిడో వాళ్లు మొదటి 5 సుబురీ పోట్లతోనే మొదలుపెట్టడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది (తిట్టకండి).

పైన చెప్పిన లెక్కతో ఏకీభవిస్తాను కానీ కాళ్ల సంగతి వదిలేశారు. చెయ్యి ముందు వెళ్లి అడుగు తర్వాత పడితే, పాదం నేలకి తగిలిన అదురు సరిగ్గా పోటు పూర్తయ్యే క్షణానికి కర్రలోకి వస్తుంది. కొత్తకర్ర గారూ, ఒకసారి ఫోన్‌లో పక్క నుంచి వీడియో తీసి నెమ్మదిగా నడిపి చూడండి, పాదం ముందా కొస ముందా అని. ఇంకోటి, గాల్లోకి పొడవకండి. ఎదుటి మనిషి సుయిగెత్సు, అంటే ఛాతీ ఎముక కింద గుంట, ఉండే ఎత్తులో దారానికి ఒక గుండీ కట్టి వేలాడదీయండి. దాన్ని తగలకుండా వేలెడు దూరంలో ఆపాలి. తగిలించడం తేలిక, ఆపడమే కష్టం.

పాతజో:
కాళ్ల మాట నిజం, మర్చిపోయాను. వింత సంగతి తర్వాత తేల్చుకుందాం.

నూనెగుడ్డ:
భుజం గురించి ఎవరూ అనలేదు. కుడి మోచెయ్యి రెక్కలా బయటకి లేస్తుంటే నొప్పి వస్తుంది. మోచెయ్యి పక్కటెముకల్ని రాసుకుంటూ వెళ్లాలి, ఆఖర్లో తడిగుడ్డ పిండినట్టు మణికట్టు లోపలికి తిరగాలి. కీలు లోపల గుచ్చినట్టుంటే మాత్రం వారం ఆపి డాక్టరుకి చూపించు. కర్రకి వార్నిష్ ఉందా? చెమట పడితే అరచేతికి అతుక్కుంటుంది, సన్న గరుకు కాగితంతో గీకేసి పొడిగుడ్డతో తుడువు.

కొత్తకర్ర:
వీడియో తీశా. పాదం కొస కంటే ముందే పడుతోంది, అది బాగానే ఉంది. కానీ వెనక చెయ్యి నడుము దగ్గర మొదలై రొమ్ము దాకా వచ్చేస్తోంది, రెండు నెలలుగా నేను చూసుకోనే లేదు. వార్నిష్ కూడా ఉంది. ఉంగరం పద్ధతి పది సార్లు చేసేసరికి ప్రతిసారీ బొటనవేలి వైపే రాసుకుంది. అంటే చెయ్యి ఎటు పోతున్నట్టు అన్నా, లోపలికా బయటకా?

పాతజో:
అరచెయ్యి ఎటు తిరిగి ఉందో ఫొటో పెట్టు, చూడకుండా చెప్పలేను.