నల్ల గ్రానైటు బల్లలు ఫాల్స్ కలర్ చిత్రంలో నీలంగా వస్తున్నాయి: నిజంగా వెలుతురు చాలదా?

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. కావలి దగ్గర మా ఊళ్లో దాతల సాయంతో కట్టబోతున్న గ్రంథాలయానికి వెలుతురు లెక్కలు చూసే పని నాకు అప్పగించారు. చదువుకునే హాలు పొడవు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు. ఉత్తరాన నాలుగు, దక్షిణాన నాలుగు కిటికీలు ఉన్నాయి. గోడలకు మీగడ రంగు వేయాలని, పగటిపూట బల్లల మీద వెలుతురు 300 లక్స్‌కు తగ్గకూడదని అనుకున్నాము. మా ఊరివారే ఒకరు చీమకుర్తిలో గ్రానైటు వ్యాపారం చేస్తున్నారు. చదువు బల్లలన్నింటికీ అద్దంలా పాలిష్ పట్టిన గెలాక్సీ అనే నల్ల గ్రానైటు పలకలు ఉచితంగా ఇస్తామని ఆయన మాట ఇచ్చారు.

భవనాన్ని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో గీసి, వెలుతురును లెక్కించే రేడియన్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ చేశాను, అంటే హాలు ఎలా కనిపిస్తుందో చిత్రం తీశాను. మొదట దానిని జేపీజీగా దాచుకుని, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో రంగులు వేశాను. తరువాత రేడియన్స్ ఇచ్చిన అసలు హెచ్‌డీఆర్ ఫైలు నుంచే, వెలుతురు విలువలకు రంగులు వేసే ఫాల్స్‌కలర్ కమాండుతో ఇంకొక చిత్రం తీశాను. రెండింట్లోనూ తక్కువకు నీలం, మధ్యకు ఆకుపచ్చ, ఎక్కువకు ఎరుపు వచ్చేలా పెట్టినా ఒకదానికొకటి పొంతన లేదు.

అసలు చిక్కు ఏమిటంటే, రెండింట్లోనూ బల్లలన్నీ ముదురు నీలంగానే ఉన్నాయి. కిటికీ పక్కనే ఉన్న బల్ల కూడా అంతే. దాని మీద మాత్రం ఒక ఎర్రటి చార కనిపిస్తోంది, కెమెరాను జరిపితే ఆ చార కూడా జరుగుతోంది. నిన్న సాయంత్రం కమిటీ పెద్దలకు ఈ చిత్రం చూపించగానే, బల్లల మీద ఇంత చీకటిగా ఉంటే పిల్లలు ఎలా చదువుతారని కంగారుపడ్డారు. ఒకరు కిటికీలు పెంచమన్నారు, మరొకరు ట్యూబ్‌లైట్లు రెట్టింపు చేయమన్నారు. పైగా కిటికీల మీద సన్‌షేడ్ 60 సెంటీమీటర్లు పెట్టినప్పటి కంటే 90 సెంటీమీటర్లు పెట్టినప్పుడే హాలు ఎక్కువ ఎర్రగా వస్తోంది. నీడ పెరిగితే వెలుతురు పెరగడం ఎలా సాధ్యమో నాకు అర్థం కాలేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (ఒంగోలు నుంచి)

నమస్కారమండీ. కిటికీలు పెంచే ముందు, మీరు చూపించిన చిత్రంలో రంగులు ఏ కొలతకు వేసినవో కమిటీకి చెప్పవలసి ఉంటుంది. మామూలుగా రెండరింగ్ చేస్తే ప్రతి పిక్సెల్‌లో ఉండేది ఆ చోటి నుంచి కెమెరా వైపు వచ్చే వెలుగు. దానిని ల్యూమినెన్స్ అంటారు, చదరపు మీటరుకు ఇన్ని కాండెలాలు అని కొలుస్తారు. మీకు కావలసినది బల్ల మీద పడే వెలుతురు, అంటే ఇల్యూమినెన్స్, దానిని లక్స్‌లో కొలుస్తారు. ఒక ఉపరితలం మీద ఎంత పడిందన్నది ఒక సంగతి, అందులో ఎంత తిరిగి మన కంటికి వచ్చిందన్నది వేరే సంగతి. గెలాక్సీ గ్రానైటు పడిన వెలుతురులో చాలా భాగం మింగేస్తుంది కాబట్టి మీ బల్లలు నీలంగా వచ్చాయి.

లెక్క వేసి చూడండి. మెరుపు లేని ఉపరితలానికి ల్యూమినెన్స్ కావాలంటే, లక్స్ విలువను ఆ ఉపరితలం తిప్పి పంపే శాతంతో గుణించి, 3.14తో భాగించాలి. 300 లక్స్ పడుతున్న చోట 80 శాతం తిప్పి పంపే తెల్ల కాగితం ఉంటే సుమారు 76 కాండెలాలు వస్తాయి. అదే చోట 5 శాతం మాత్రమే తిప్పి పంపే నల్ల రాయి ఉంటే 5 కాండెలాలకు కాస్త తక్కువ వస్తుంది. రెండింటి మీద పడిన వెలుతురు ఒక్కటే. ఈ సంగతి చూడడానికి కంప్యూటర్ కూడా అక్కరలేదు. మా ఇంటి వంటగది గట్టు ఈ రాయే. మధ్యాహ్నం దాని మీద ఒక తెల్ల కాగితం పెట్టి చూస్తే, కాగితం మీద సన్న అక్షరాలు కూడా హాయిగా చదవగలుగుతాను, కాగితం అంచు దాటగానే రాయి బావిలా నల్లగా ఉంటుంది. లక్స్ మీటరును కాగితం మీద పెట్టినా, పక్కకు జరిపి రాయి మీద పెట్టినా అంకె మాత్రం మారదు.

ఆ ఎర్రటి చార పాలిష్ రాయిలో కనిపిస్తున్న కిటికీ ప్రతిబింబం. ఆకాశం చదరపు మీటరుకు వేల కాండెలాలతో వెలుగుతూ ఉంటుంది కాబట్టి, అందులో కొద్ది శాతం రాయి మీద తళుక్కుమన్నా స్కేలు పై కొసకు చేరుతుంది. ప్రతిబింబం చూసేవారి చోటును బట్టి మారుతుంది గనుకనే కెమెరాతో పాటు జరుగుతోంది.

ఇప్పుడు చేయవలసినది ఇది. రేడియన్స్‌లో చిత్రం తీసే ఆర్‌పిక్ట్ కమాండుకు ‘-ఐ’ ఆప్షన్ ఇచ్చి మళ్లీ రెండరింగ్ చేయండి. అప్పుడు రేడియన్స్ ప్రతి ఉపరితలాన్ని మెరుపు లేనిదిగా భావించి, దాని మీద పడే వెలుతురునే లెక్కిస్తుంది. రాతి రంగు, పాలిష్, చార అన్నీ తొలగిపోతాయి. ఆ చిత్రానికి ఫాల్స్ కలర్ వేసేటప్పుడు లేబుల్‌ను లక్స్ అని మార్చండి. ఒక్క జాగ్రత్త ఉంది: కిటికీలోంచి కనిపించే ఆకాశం, వెలిగే దీపాలు ఈ చిత్రంలో కూడా తమ సొంత వెలుగుతోనే కనిపిస్తాయి, కాబట్టి అక్కడి ఎరుపును లక్స్‌గా చదవకూడదు. వెలుతురు ఎన్నిసార్లు మళ్లేదాకా లెక్కించాలో చెప్పే ‘-ఏబీ’ విలువ సున్నాగా ఉందేమో కూడా చూసుకోండి. సున్నా అయితే ఆకాశపు వెలుతురు, గోడల నుంచి మళ్లే వెలుతురు లెక్కలోకి రావు. ఇటువంటి హాలుకు నేను 5 పెడతాను.

సమాధానం 2 (నెల్లూరు నుంచి)

పై సమాధానం సరైనది. నేను స్కేలు గురించి, సూర్యుడి గురించి చెబుతాను.

జేపీజీ మీద వేసిన రంగులను దయచేసి ఎవరికీ చూపించకండి. జేపీజీలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లే ఉంటాయి, అవి కూడా తెర మీద చూడడానికి అనువుగా వంచినవి. ఎక్స్‌పోజర్ సరిచేసినప్పుడు కిటికీ దగ్గరి విలువలన్నీ తెలుపు దగ్గర తెగిపోతాయి. 1000 కాండెలాలు ఉన్న చోటు, 5000 ఉన్న చోటు ఒకే తెలుపుగా మారిన తరువాత ఏ రంగుల పట్టికా వాటిని తిరిగి విడదీయలేదు. హెచ్‌డీఆర్ ఫైలులో మాత్రం అసలు విలువలు ఉంటాయి, ఎక్స్‌పోజర్ మార్చినా ఆ మార్పు ఫైలు తలభాగంలో రాసి ఉంటుంది, ఫాల్స్‌కలర్ దానిని చదివి మూల విలువలకే రంగు వేస్తుంది. బ్లెండర్‌లో కూడా ఫాల్స్ కలర్ అనే చూపు ఉంది కానీ, అది ఎక్స్‌పోజర్ మెట్లను చూపిస్తుందే తప్ప లక్స్‌ను చూపించదు.

సన్‌షేడ్ చిక్కు దాదాపు కచ్చితంగా ఆటో స్కేలు వల్ల వచ్చింది. ‘-ఎస్ ఆటో’ అని ఇస్తే ప్రతి చిత్రంలోని గరిష్ఠ విలువే ఆ చిత్రానికి ఎరుపు అవుతుంది. 90 సెంటీమీటర్ల సన్‌షేడ్‌తో గరిష్ఠం తగ్గింది, దానితో స్కేలు కుదించుకుపోయింది, మిగిలిన హాలంతా ఎరుపు వైపు జరిగింది. పోల్చి చూడవలసిన చిత్రాలన్నింటికీ ఒకే అంకె ఇవ్వాలి. ఏమీ ఇవ్వకపోతే స్కేలు 1000, భాగాలు 8 ఉంటాయి, అంటే 125 లోపు విలువలన్నీ అడుగు భాగంలోనే పడతాయి. ల్యూమినెన్స్ చిత్రంలో 76 కాండెలాల తెల్ల కాగితం కూడా ఆ అడుగు భాగంలోనే ఉంటుంది, ఇక నల్ల రాయి సంగతి చెప్పేదేముంది. మీ లక్స్ చిత్రానికి స్కేలు 800, భాగాలు 8 పెట్టండి, ఒక్కొక్క రంగు 100 లక్స్ అవుతుంది, 300 గీత ఎక్కడుందో పెద్దలు వేలు పెట్టి చూపించగలరు. కిటికీ దగ్గర 3000, మూలలో 100 ఉండే సందర్భంలో లాగ్ స్కేలు, అంటే మెట్టు మెట్టుకూ విలువ ఇన్ని రెట్లు చొప్పున పెరిగే స్కేలు, మేలు. రంగులు గుర్తించడం కష్టమైనవారు కమిటీలో ఉంటే, మామూలు రెండరింగ్ మీద అంకెలతో గీతలు మాత్రమే గీసే ‘-సీఎల్’ పద్ధతి వాడండి. నలుపు తెలుపులో ప్రింటు తీసినా అది చదవడానికి పనికి వస్తుంది.

సూర్యుడి విషయంలో ఒక పొరపాటు మన దగ్గర చాలామంది చేస్తారు, నేనూ ఒక బడి పనిలో చేశాను. రేడియన్స్ పుట్టింది అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో, దానిని రాసినవారు గ్రెగ్ వార్డ్. అందులో ఆకాశాన్ని తయారుచేసే జెన్‌స్కై కమాండు రేఖాంశాన్ని గ్రీనిచ్ నుంచి పడమరకు ధనాత్మకంగా లెక్కిస్తుంది. మనం తూర్పున ఉన్నాము కాబట్టి నెల్లూరుకు -80, భారత కాలమాన రేఖకు -82.5 అని రుణ గుర్తుతో ఇవ్వాలి. రెండింటికీ గుర్తు మరచిపోతే హెచ్చరిక ఏమీ రాదు, చిత్రం చక్కగానే వస్తుంది, కానీ సూర్యుడు 20 నిమిషాలు తప్పుతాడు, అంటే 5 డిగ్రీలు. ఉదయం బల్ల మీద పడే ఎండ ముక్క పక్క బల్ల మీదకు జరగడానికి అది చాలు.

ఉత్తరపు కిటికీలకు ఎండ రాదని పుస్తకాల్లో చదివినది ఇక్కడ కుదరదు. నెల్లూరు అక్షాంశం సుమారు 14.4 డిగ్రీలు. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం వరకు మనకు మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. నడినెత్తికి దగ్గరగా ఉంటాడు గనుక మధ్యాహ్నం చిన్న సన్‌షేడ్ ఆపుతుంది, కానీ ఉదయం, సాయంత్రం ఈశాన్యం, వాయవ్యం నుంచి వచ్చే ఏటవాలు ఎండను ఆపలేదు. జూన్ 21న ఉదయం 8 గంటలకు, సాయంత్రం 5 గంటలకు కూడా చిత్రాలు తీయండి.

సమాధానం 3 (నెల్లూరు నుంచి, మరొకరు)

పై ఇద్దరూ చెప్పినది నిజమే అయినా, నీలం చిత్రాన్ని పూర్తిగా పక్కన పెట్టవద్దని నా మనవి. అది మీరు అడగని ప్రశ్నకు సరైన జవాబు చెప్పింది. 80 శాతం కాగితానికి, 5 శాతం రాతికి మధ్య వెలుగు నిష్పత్తి 16కు 1. చదివే వస్తువుకు, దానిని ఆనుకుని ఉన్న ఉపరితలానికి మధ్య నిష్పత్తి 3కు 1 మించకుండా చూడమని లైటింగ్ రంగంలో చెబుతారు. గంటల తరబడి చదివే విద్యార్థి చూపు కాగితం మీద నుంచి రాతి మీదకు, మళ్లీ కాగితం మీదకు తిరుగుతూ ఉంటే కన్ను అలసిపోతుంది. దానికి తోడు ఆ ఎర్రటి చార, అంటే కిటికీ ప్రతిబింబం, కెమెరా ఉన్న చోటే పాఠకుడు కూర్చుంటే అతని కళ్లలోనే పడుతుంది. లక్స్ చిత్రంలో ఈ రెండు బాధలూ కనిపించవు. మీ హాలుకు రెండు చిత్రాలూ అవసరమే.

ల్యూమినెన్స్ చిత్రాన్ని గుమ్మం దగ్గర కాకుండా, కుర్చీలో కూర్చున్న పాఠకుడి కంటి ఎత్తు నుంచి, సుమారు 1.2 మీటర్ల నుంచి తీయండి. బల్ల మీద తెరచిన పుస్తకం ఒకటి మోడల్‌లో పెట్టండి. దాతగారిని నొప్పించకుండా అడగగలిగితే, పాలిష్‌కు బదులు లెదర్ ఫినిష్, అంటే అద్దపు మెరుపు లేకుండా కాస్త గరుకుగా ఉండే పలకలు అడగండి. ప్రతిబింబం చెదిరిపోతుంది. నలుపు మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి, చదివే చోట లేత రంగు మ్యాట్ వంటిది పరవాలి, లేదా లేత రంగు రాయిని ఎంచుకోవాలి.

అడిగినవారి నుంచి

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. రాత్రంతా కూర్చుని మళ్లీ చేశాను. జెన్‌స్కై ఫైలులో రెండు అంకెలకూ మైనస్ గుర్తు లేదు, సరిచేశాను. ‘-ఐ’ ఇచ్చి, స్కేలు 800కు బిగించి తీసిన చిత్రంలో మధ్య బల్లలు 340 నుంచి 420 లక్స్ మధ్య ఉన్నాయి. ఆగ్నేయ మూల బల్ల ఒక్కటే 180 దగ్గర ఆగిపోయింది. ఒకే స్కేలు మీద పెట్టగానే 60 సెంటీమీటర్ల సన్‌షేడ్ చిత్రమే ఎక్కువ వెలుతురు చూపించింది, అయితే జూన్ ఉదయం దాని కింద నుంచి ఉత్తరపు వరుసలో మొదటి బల్ల మీద ఎండ పడుతోంది. అందుచేత దక్షిణాన 60 ఉంచి, ఉత్తరపు కిటికీలకు మాత్రం తూర్పు, పడమర పక్కలలో నిలువు రెక్కలు కలిపి చూస్తున్నాను.

కంటి ఎత్తు నుంచి తీసిన చిత్రంలో పుస్తకం పక్కన చార స్పష్టంగా కనిపించింది. దానినే దాతగారికి ఫోనులో పంపి వివరించాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. లెదర్ ఫినిష్ పలక ముక్క ఒకటి ఆదివారం పంపుతానన్నారు. అది రాగానే తెల్ల కాగితం, లక్స్ మీటరు పెట్టి కొలిచి, ఆ రాయి తిప్పి పంపే శాతం ఎంతో మోడల్‌లో సరిచేసి మళ్లీ ఇక్కడే రాస్తాను.