మూతపడ్డ గోదాము గోడ మీద వీధివాళ్లతో బొమ్మలు: వీధి నిజంగా బాగుపడాలంటే ఏం చేయాలి?

వీధిమలుపు:

నమస్కారం అండి. మా వీధిలో ఏళ్లుగా మూతపడి ఉన్న ఒక గోదాము ప్రహరీ గోడ ఉంది. పొడవు 40 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, ఇటుక మీద సిమెంటు ప్లాస్టరింగ్. దాని వెంబడి చెత్త పోస్తుంటారు. పొద్దుగూకితే అటు నడిచేవాళ్లు ఉండరు. ఎదురు వరసలో సగం షాపుల షట్టర్లు దించే ఉంటాయి. ఆ గోడ మీద అందరం కలిసి బొమ్మలు వేద్దామని నివాసుల సంఘం అనుకుంటోంది. పిల్లా పెద్దా కలిపి 60 మంది దాకా వస్తామంటున్నారు, వాళ్లలో కుంచె పట్టడం వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

గోడను ఎలా సిద్ధం చేయాలి, ఎంత రంగు పడుతుంది? చేయి తిరగని ఇంతమందితో పని చెడకుండా ఎలా చేయించాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, దీనివల్ల వీధి నిజంగా బాగుపడుతుందా, లేక నాలుగు రోజులు ఫొటోలు దిగి మర్చిపోతారా? "ఆ డబ్బుతో రెండు లైట్లు వేయించుకోవచ్చుగా" అని కొందరు పెద్దవాళ్లు అంటున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?

తాపీరంగు:

గోడ సంగతి నేను చెప్తాను. బయటి గోడల మీద బొమ్మలు పాడయ్యేది రంగు నాసిరకం కావడం వల్ల కన్నా చెమ్మ వల్లే ఎక్కువ. ప్రహరీ గోడలోకి నీళ్లు పునాది నుంచి పైకి ఎక్కుతాయి, పైకప్పు ఉండదు కాబట్టి తలకట్టు (గోడ పై అంచు) పగుళ్లలోంచి కిందికి దిగుతాయి, వెనకవైపు మట్టి ఆనుకుని ఉంటే అడ్డంగా వస్తాయి. అందుకని రంగుల షాపుకు వెళ్లేముందు గోదాము లోపలివైపుకు వెళ్లి చూడండి. అక్కడ మట్టిగుట్ట ఉంటే దాన్ని తీయించకుండా బయట ఏం పూసినా నిలవదు.

చెమ్మ పరీక్ష తేలిక. 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గాలి దూరకుండా గోడకు అతికించి కనీసం 16 గంటలు వదిలేయండి. తీసినప్పుడు షీటు లోపలివైపు నీటి బొట్లు కనిపించినా, ఆ మేర గోడ రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. ఒక్కచోట చేసి ఊరుకోకండి. నేలకు జానెడు ఎత్తులో మూడు చోట్ల, తలకట్టు కింద మూడు చోట్ల చేయండి.

తెల్లగా ఉప్పు తేలినచోట నీళ్లతో కడగడం అందరూ చేసే పొరపాటు. ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే వెళ్తుంది, ఆరాక ఇంకోచోట తేలుతుంది. పొడి బ్రష్‌తో దులిపేసి, నీరు వచ్చే దారి ఆపి, కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండాలి. సుత్తి పిడితో గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చినచోట ప్లాస్టరు కొట్టేసి కొత్తది వేయాలి. కొత్త ప్లాస్టరు మీద 28 రోజుల దాకా రంగు వద్దు. సిమెంటులో క్షారం తగ్గకముందే వేస్తే రంగు మచ్చలుగా పాలిపోతుంది. లోపలి గోడలకు వాడే లప్పం బయట అస్సలు పెట్టకండి. వానకు అది ఉబ్బి, పైనున్న రంగును కూడా పట్టుకుని ఊడుతుంది. సిమెంటు ఆధారిత లప్పంతో పగుళ్లు పూడిస్తే చాలు, బొమ్మకు అద్దంలాంటి నునుపు అక్కర్లేదు.

ఇక లెక్క. మీది 120 చదరపు మీటర్లు. ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) లీటరుకు 8 చదరపు మీటర్లు అనుకుంటే 15 లీటర్లు. దాని మీద బయటి గోడల తెల్ల ఎమల్షన్ ఒక పూతకు 12 నుంచి 15 లీటర్లు. బొమ్మ రంగులు రెండు పూతలకు అన్నీ కలిపి 25 నుంచి 30 లీటర్లు. గోడ గరుకుగా ఉంటే పావు వంతు ఎక్కువ వేసుకోండి.

రంగులు ఎంచేటప్పుడు ఎండకు ఏవి నిలుస్తాయో చూడాలి. ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, పసుపు, గోధుమ, క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ, థాలో నీలం, టైటానియం తెలుపు బాగా నిలబడతాయి. ఫ్లోరసెంట్ రంగులు మాత్రం కొద్ది నెలల్లోనే వెలిసిపోతాయి, పిల్లలు ఎంత ముచ్చటపడినా సరే. ఎండ నేరుగా పడుతున్న గోడ మీద వేయకండి. పూత గోడను పట్టుకోకముందే ఆరిపోయి తర్వాత పెచ్చులుగా లేస్తుంది. నీడ ఎప్పుడు ఎటు ఉంటుందో ముందురోజే చూసుకుని షిఫ్టులు పెట్టుకోండి.

నేల నుంచి 50 సెంటీమీటర్ల దాకా బొమ్మ వద్దు. వాన చిందులు, బురద అంతా ఆ మేరే. అక్కడ ఒకే ముదురు రంగు పట్టీ వేస్తే ఏటా ఎవరైనా రోలర్‌తో గంటల్లో కొత్తది చేసేయొచ్చు.

కుంచెకట్ట:

మనుషుల విషయానికొద్దాం. మూడు డిజైన్లు తయారుచేసి తెచ్చి "ఏది కావాలి?" అని చేతులెత్తించడం అందరినీ కలుపుకోవడం కాదు. గోడ మీద ఏం ఉండాలి, ఏం ఉండకూడదు అనే ప్రశ్నతో మొదలుపెట్టండి. మీటింగు హాల్లో పెడితే ఎప్పుడూ వచ్చేవాళ్లే వస్తారు. గోడ దగ్గరే ఒక బల్ల, కాగితాలు పెట్టుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేర్వేరు రోజుల్లో కూర్చోండి. షట్టర్లు దించుకున్న షాపుల యజమానులు, రాత్రి డ్యూటీ చేసేవాళ్లు, ఆ చెత్త ఎత్తేవాళ్లు ఏమంటారో వినండి. చెత్త ఎక్కడ పడుతుందో, ఎందుకు అక్కడే పడుతుందో ఎత్తేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చిత్రకారుడు స్కెచ్‌తో కనీసం రెండుసార్లు వెనక్కి రావాలి. పార్టీ గుర్తులు, వ్యాపార ప్రకటనలు, బతికున్న నాయకుల మొహాలు ఉండవని మొదటిరోజే రాసి పెట్టుకుంటే తర్వాత గొడవలు రావు.

అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో జూడీ బాకా 1976లో మొదలుపెట్టిన 'గ్రేట్ వాల్' దాదాపు 840 మీటర్ల పొడవు. వరద కాలువ గోడ అది. ఐదు వేసవుల్లో 400 మందికి పైగా కుర్రవాళ్లు పనిచేశారు. ఆ ప్రాంతపు మరుగునపడిన చరిత్రే దాని విషయం. పని కుర్రవాళ్ల చేతిలో పెట్టడమంటే మిగిలిపోయిన ఖాళీలు నింపించడం కాదని చూపించిన ప్రాజెక్టు అది.

గోడ మీదికి ఎక్కించే పద్ధతి ఇదీ. పదో వంతు కొలతలో డిజైన్ గీయండి: 4 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల ఎత్తు కాగితం. దాని మీద 5 సెంటీమీటర్ల గడులు. గోడ మీద సుద్దపొడి అద్దిన దారంతో 50 సెంటీమీటర్ల గడులు కొట్టండి. అడ్డంగా 80, నిలువుగా 6, మొత్తం 480 గడులు. అడుగు పట్టీ వదిలేసినా గడులు మాత్రం నేల నుంచే లెక్కపెట్టండి, అప్పుడు కాగితానికీ గోడకూ తేడా రాదు. చేయి తిరిగినవాళ్లు గీతలు గీస్తారు, ప్రతి ఆకారంలో పెన్సిల్‌తో రంగు నంబరు వేస్తారు. రంగులు 12కి మించకుండా చూసుకోండి. ఒక్కో రంగు మొత్తం ఒకేసారి పెద్ద బకెట్‌లో కలిపి డబ్బాల్లో పోసి, మూత మీద అదే రంగు పూసి నంబరు రాయండి. సగంలో అయిపోయి మళ్లీ కలిపితే ఆ నీలం ఈ నీలంతో కలవదు, అతుకు దూరానికే కనిపిస్తుంది.

ఒక్కసారికి గోడ దగ్గర 15 మందికి మించి వద్దు. మనిషికి రెండున్నర మీటర్లు ఉంటేనే భుజాలు తగలవు. 60 మందిని నాలుగు జట్లు చేయండి. ఆరుగురు కొత్తవాళ్లకు ఒక అనుభవజ్ఞుడు కావాలి, అంటే మీ ఇద్దరు ముగ్గురూ సరిపోతారు, కానీ వాళ్లు ఆ గంటల్లో కుంచె పట్టకూడదు, చూసుకోవడమే వాళ్ల పని. నేల మీద నిలబడి అందేంతవరకే అందరూ. పైభాగానికి సారవ కట్టించి, అలవాటున్న పెద్దవాళ్లనే ఎక్కించండి. పిల్లలకు నిచ్చెన వద్దు, స్ప్రే డబ్బాలు వద్దు.

ఇంకొకటి, మనసుకు సంబంధించింది. చివర్లో గీతలు సరిచేయడానికి చిత్రకారుడికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ సంగతి ముందే అందరికీ చెప్పండి. తను వేసిన పువ్వును చూపించడానికి అమ్మను వెంటబెట్టుకొచ్చిన పిల్లకు అక్కడ వేరే పువ్వు కనిపిస్తే ఆ పిల్ల ఇక గోడవైపు చూడదు. దిద్దవచ్చు గానీ చెరిపేయకూడదు.

నిలబడలేని పెద్దవాళ్ల కోసం గుడ్డ పద్ధతి ఉంది. అమెరికాలోనే ఫిలడెల్ఫియాలో 1984లో గోడరాతల నివారణ కార్యక్రమంగా మొదలై ఇప్పుడు మ్యూరల్ ఆర్ట్స్‌గా పేరుపడ్డ సంస్థ దీన్ని బాగా వాడుతుంది. నేయని పల్చటి గుడ్డ ముక్కల మీద నీడపట్టున కూర్చుని రంగులు వేస్తారు, తర్వాత వాటిని అక్రిలిక్ జెల్‌తో గోడకు అతికిస్తారు. మధ్య నుంచి అంచులకు ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా లాగి గాలి బుడగలు పోగొట్టాలి. అంచుల మీద ఇంకో జెల్ పూత తప్పనిసరి, ఊడటం మొదలయ్యేది అక్కడే.

వీధిమలుపు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. షీట్లు పెట్టి చూశాం. పైన పొడిగానే ఉంది, కింద రెండు చోట్ల నీటి బొట్లు పట్టాయి. చేత్తో రుద్దితే తెల్లపొడి అంటుతోంది, కింద పాత సున్నం పూత ఉన్నట్టుంది. గోదాము యజమాని ఫోన్‌లో "వేసుకోండి" అన్నారు. అది చాలా?

తాపీరంగు:

పొడి రాలే సున్నం మీద ప్రైమర్ కూడా నిలవదు. బ్లేడుతో గీకి, గట్టి బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరాక లోపలికి ఇంకే రకం ప్రైమర్ వేయండి. మర్నాడు గట్టి టేపు అతికించి చటుక్కున లాగండి. టేపుకు తెలుపు అంటితే ఇంకోసారి గీకాల్సిందే.

కింద చెమ్మ ఉందంటే బొమ్మను నేల నుంచి ఒక మీటరు పైన మొదలుపెట్టండి. ఆ మీటరును సున్నంతోనే వదిలేయండి, అది గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది. నేను పైన చెప్పిన ముదురు పట్టీ పొడి గోడలకే. చెమ్మ తగ్గని గోడ మీద రక్షణ కోసమని మెరిసే వార్నిష్ కొడితే లోపలి నీరు బయటికి రాలేక పొక్కులు లేస్తాయి. పూత కావాలనుకుంటే ఆవిరిని బయటికి పోనిచ్చే రకమే అడగండి.

ఊరుపటం:

ఫోన్ మాట చాలదు. ఒక పేజీ కాగితం రాయించుకోండి. బొమ్మ ఎన్నేళ్లు ఉంటుంది (5 నుంచి 7 మామూలు), మరమ్మతు ఎవరిది, గోదాము అమ్మితే ఏమవుతుంది, తీసేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, బొమ్మ మీద హక్కు ఎవరిది, లోపలివైపు మట్టి తీసేందుకు అనుమతి ఉందా. రచయితల, కళాకారుల హక్కుల మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలోని 6bis అధికరణం ప్రకారం చిత్రకారుడికి తన పేరు ఉండాలనీ, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా పనిని వికృతం చేయకూడదనీ అడిగే హక్కు ఉంది. న్యూయార్క్‌లో 'ఫైవ్ పాయింట్జ్' భవనం బొమ్మలను యజమాని 2013లో రాత్రికి రాత్రి తెల్లరంగుతో కప్పేశాడు. 2018లో కోర్టు 21 మంది చిత్రకారులకు 67 లక్షల డాలర్లకు పైగా ఇప్పించింది. ముందే రాసుకుంటే ఇద్దరికీ మంచిది.

లైట్ల గురించి అడిగిన పెద్దవాళ్ల మాట సరైనదే. వాళ్లతో వాదించకండి, లైట్లను ప్రాజెక్టులోనే పెట్టండి. చీకటి, చెత్త అలాగే ఉండి గోడ మాత్రం రంగులమయం అయితే జనం వచ్చి చూసి వెళ్లిపోతారు. వీధిని బాగుచేసేది బొమ్మ కాదు. బొమ్మ కోసం కలిసిన మనుషులు తర్వాత కూడా కలుస్తూ ఇంకో పని పట్టుకోవడం వల్ల వీధి బాగుపడుతుంది. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో గ్రాన్బీ వీధులు దీనికి మంచి ఉదాహరణ. ఇళ్లు ఖాళీ చేయించి తలుపులకు చెక్కలు కొట్టేసిన వీధుల్లో మిగిలిన కొద్దిమంది ఆ చెక్కల మీద రంగులు వేశారు, మొక్కలు పెట్టారు, వీధి సంత నడిపారు. 2011లో భూమి ట్రస్టు (స్థలాలను, ఇళ్లను అక్కడివాళ్ల తరఫున ఉంచుకునే సంస్థ) పెట్టుకుని ఖాళీ ఇళ్లను తమ చేతిలోకి తెచ్చుకున్నారు. వాళ్లతో పనిచేసిన అసెంబుల్ అనే ఆర్కిటెక్టుల, డిజైనర్ల బృందానికి 2015లో బ్రిటన్‌లో పేరున్న కళా పురస్కారం టర్నర్ ప్రైజ్ వచ్చింది. రంగులకూ ఇళ్లకూ మధ్య ఏళ్ల తరబడి జరిగిన సమావేశాలు ఫొటోల్లో కనిపించవు.

అమెరికాలోని హ్యూస్టన్‌లో 1993లో మొదలైన 'ప్రాజెక్ట్ రో హౌసెస్' కూడా అంతే. పాడుబడ్డ 22 చిన్న ఇళ్లను కళాకారులు తీసుకుని కొన్నింటిలో ప్రదర్శనలు పెట్టారు, కొన్నింటిని చదువుకుంటున్న ఒంటరి తల్లులకు నివాసాలుగా మార్చారు.

రెండో వైపు కూడా తెలుసుకోవాలి. సియోల్‌లో ఇహ్వా అనే కొండ మీది పేటలో 2006లో ప్రభుత్వ ప్రాజెక్టు కింద గోడలకూ మెట్లకూ బొమ్మలు వేశారు. పర్యాటకులు గుంపులుగా వస్తూ ఇళ్ల ముందు గోల చేస్తుంటే తట్టుకోలేక 2016లో అక్కడివాళ్లే కొందరు ప్రసిద్ధి చెందిన మెట్ల బొమ్మలను చెరిపేశారు. మీ గోడ ఎదురుగా ఇళ్ల కిటికీలు ఉంటే ఆ ఇళ్లవాళ్ల సంతకం లేకుండా పని మొదలుపెట్టకండి. అద్దెకు ఉన్నవాళ్లనూ అడగండి. వీధికి పేరొచ్చి అద్దెలు పెరిగితే ముందు వెళ్లిపోవాల్సింది వాళ్లే.

డబ్బు విషయంలో నా అభిప్రాయం: గోడ మరమ్మతుకు, మనుషులతో కూర్చునే నెలలకు, చిత్రకారుడి ఫీజుకు ముందు కేటాయించి తర్వాత రంగుల బిల్లు చూడండి. చిత్రకారుడిని ఉచితంగా చేయమని అడగడం తప్పు. మొత్తంలో పదో వంతు నిర్వహణకు పక్కన పెట్టి ముట్టుకోకండి.

"ఏం మారింది?" అని రేపు ఎవరైనా అడుగుతారు కాబట్టి పని మొదలవకముందే లెక్క తీసుకోండి. రెండు పనిరోజులు, ఒక సెలవురోజు, రోజుకు నాలుగుసార్లు, ప్రతిసారీ 15 నిమిషాలు. దాటిపోయినవాళ్లు ఎందరు, ఆగినవాళ్లు లేదా కూర్చున్నవాళ్లు ఎందరు, చీకటి పడ్డాక ఒంటరిగా నడిచిన ఆడవాళ్లు ఎందరు అని విడివిడిగా రాయండి. తెరిచి ఉన్న షట్టర్లు, వెలుగుతున్న లైట్లు, చెత్తకుప్పలు కూడా. అదే రోజుల్లో బొమ్మలు లేని పక్క వీధిలోనూ ఇదే లెక్క తీయండి, లేకపోతే మార్పు గోడ వల్ల వచ్చిందో పండగ సీజన్ వల్ల వచ్చిందో తేలదు. మళ్లీ ఆరు నెలలకు, ఏడాదికి అదే ఫారంతో, వీలైతే అదే మనుషులతో. మొదటి నెలలో తీసిన లెక్కను మాత్రం ఎవరికీ చూపించకండి, కొత్త బొమ్మ దగ్గర ఆ నెలంతా జనం ఉంటారు.

కుంచెకట్ట:

ఊరుపటం గారి ఫారంలో ఇంకో గడి కలపండి: గోడ మీద కొత్తగా ఎక్కడ పెచ్చు లేచింది, అది చూసి ఎవరు ఎవరికి ఫోన్ చేశారు. మిగిలిన రంగు ఒక్కోటి అర లీటరు చొప్పున గాలి దూరని డబ్బాల్లో పోసి, కలిపిన పాళ్లు మూత మీద రాసి నీడలో దాచండి. ఏడాది తర్వాత మరమ్మతుకు అదే పనికొస్తుంది.