జిల్కర్ పార్కులో డిస్క్ గోల్ఫ్: నడిచేవాళ్లు ఆగరు, వెనకవాళ్లు కదలరు

లక్ష్మి (ఆస్టిన్):
మేము ఆస్టిన్ వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. పన్నెండేళ్ల మా అబ్బాయికి స్కూల్లో ఎవరో డిస్క్ గోల్ఫ్ (పళ్లెం లాంటి డిస్కును దూరం నుంచి విసిరి గొలుసుల బుట్టలో వేసే ఆట) అలవాటు చేశారు. బుట్టలు పార్కులోనే పాతి ఉన్నాయి, రుసుము లేదు, డిస్కు ఒకటి కొంటే చాలు కదా అని శనివారాలు జిల్కర్ పార్కుకు తీసుకెళ్తున్నాం. ఆట బాగుంది, చిక్కంతా జనంతోనే. వాడు చెయ్యి వెనక్కి తీసేసరికి ఎదురుగా బొచ్చుకుక్కతో ఎవరో ప్రత్యక్షం. వాళ్లు దాటేలోపు పిల్లల బండి తోసుకుంటూ ఇంకో జంట. ఇంతలో వెనక నలుగురు కుర్రాళ్లు సంచులు భుజాన వేసుకుని నిలబడి ఉంటారు. నోరెత్తి ఏమీ అనరు గానీ ఆ నిలబడటంలోనే అంతా తెలుస్తుంది. ఎవరు ఎవరికోసం ఆగాలి? తప్పుకోమని ముందుగా అరవవచ్చా? మావాడి దగ్గర ఉన్నది స్పీడ్ 12 డ్రైవరు (దూరం విసిరే రకం డిస్కు, అంకె పెరిగేకొద్దీ అంత వేగంగా విసరాలి), దాంతోనే ఆడతానని పట్టు.

సుబ్బారావు:
లక్ష్మి గారూ, ఆగాల్సింది విసిరేవాళ్లే. ఇందులో రెండో మాట లేదు. ఎవరికీ ప్రమాదం లేదని రూఢి అయ్యేవరకు విసరవద్దనే ఈ ఆట నియమాలు రూపొందించే సంఘం పీడీజీఏ నియమావళి కూడా చెబుతుంది. నడిచేవాళ్లలో చాలామందికి అక్కడొక ఆట జరుగుతోందనే తెలియదు. గొలుసులు వేలాడే ఆ బుట్టలో అరటి తొక్క వేసి పోయినవారిని చూశాను. వాళ్లను పక్కకు తప్పుకోమనే హక్కు మనకెక్కడిది? డిస్కు దారి తప్పి ఎవరి మీదికో పోతున్నప్పుడు మాత్రం మొహమాటపడకుండా గొంతెత్తి 'ఫోర్' (గోల్ఫులో వాడే హెచ్చరిక కేక) అనండి. అంతకుముందు అరవడం దౌర్జన్యం.

వెనక కుర్రాళ్ల సంగతి తేలిక. 'మీరు ముందు వెళ్లండి' అనండి, రెండు నిమిషాల్లో కనుమరుగవుతారు. అసలు గొడవ ఆ డ్రైవరుతో. 170 గ్రాముల పైచిలుకు బరువు, సన్నటి పదునైన అంచు. గట్టిగా విసిరితే తప్ప అది తిన్నగా పోదు, పిల్లవాడి చేతికి ఆ బలం ఉండదు. కుడిచేతివాటం వాళ్లు బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా తీసుకుని బయటికి) విసిరితే డిస్కు గడియారపు ముళ్ల దిశలో తిరుగుతూ పోయి, వేగం తగ్గగానే ఎడమకు ఒరిగి దిగుతుంది. బలం చాలకపోతే ఆ ఒరగడం సగం దారిలోనే మొదలవుతుంది. ఎడమవైపు కాలిబాట ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఏవియార్ లాంటి పట్టర్ (బుట్టకు దగ్గర నుంచి విసిరే రకం డిస్కు) కొనివ్వండి. స్పీడ్ 2, అంచు మొద్దుగా ఉంటుంది, విసిరిన దారి చాలావరకు తప్పదు. దూరం పోవడం లేదని అలుగుతాడు, అలగనివ్వండి.

బాట మలుపు కనిపించని చోట మీరో మీవారో ముందుకు వెళ్లి నిలబడండి. చెయ్యి ఎత్తి ఉంటే ఆగమని, దించితే విసరమని. డిస్కు నీళ్లలో పడితే మాత్రం ఆశ వదులుకోండి, తేలే రకాలు కొన్నే. పార్కు పక్కనున్న నీటిని లేడీ బర్డ్ లేక్ అని పిలిచినా అది ఆనకట్టతో నిలిపిన కొలరాడో నదే (గ్రాండ్ కాన్యన్ నది వేరు, ఇది టెక్సాస్‌ది), అందులో ఈత నిషేధం. డిస్కు అడుగున ఫోన్ నంబరు రాసి ఉంచండి. దొరికినవాళ్లు ఫోన్ చేసి ఇవ్వడం ఈ ఆటలో ఉన్న మంచి అలవాటు.

వెంకటేశ్వరరావు:
అమ్మా, నేను ఆడేవాణ్ణి కాదు, నడిచేవాణ్ణి. రాజమండ్రిలో గోదావరి గట్టు మీద నడిచిన కాళ్లు, ఇక్కడ అమ్మాయి ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఊరుకోవు. సైకిలువాళ్లు వెనకనుంచి గంట కొడతారు, డిస్కుకు గంట లేదు. మీరు ఆగారన్నది మాకు తెలిసేలా ఆగండి. చెయ్యి వెనక్కి లాగి అలాగే బిగబట్టి నిలబడితే నాకు అడుగు ముందుకు పడదు, మీరేమో నేను కదలడం లేదని విసుక్కుంటారు. ఒకాయన డిస్కును ఛాతీకి ఆనించుకుని, రెండో చేత్తో వెళ్లమని సైగ చేస్తాడు. ఆయన్ని చూస్తే నేనే చకచకా దాటేస్తాను.

మాధవి:
ఆటగాళ్ల రద్దీ పార్కుకూ బరువే. ఇదే ఊళ్లో షోల్ క్రీక్ ఒడ్డున పీజ్ పార్కులో ఎన్నో ఏళ్లుగా ఉన్న డిస్క్ గోల్ఫ్ కోర్సును (ఆట మైదానాన్ని) ఇందుకే మూసేశారు. తొక్కిడికి చెట్ల మొదళ్ల చుట్టూ నేల గట్టిపడింది, మట్టి కోసుకుపోయింది. దాని బదులు గెరెరో పార్కులో కొత్తది పెట్టారు. కాబట్టి జనం దాటేవరకు పక్కన గడ్డి తొక్కుతూ తిరగకుండా టీ (మొదటి విసురు విసిరే చోటు) దగ్గరే నిలబడండి. వీలైతే శనివారం మధ్యాహ్నం మానేసి ఆదివారం పొద్దున్నే వెళ్లండి.

లక్ష్మి (ఆస్టిన్):
అందరికీ ధన్యవాదాలు. వెంకటేశ్వరరావు బాబాయిగారు చెప్పిన సైగ మావాడికి నచ్చింది, ఇంట్లో అద్దం ముందు చేస్తున్నాడు. పట్టర్ మాత్రం చిన్నపిల్లలదట.

సుబ్బారావు:
బుట్టకు 10 మీటర్ల లోపు ప్రపంచ ఛాంపియన్లు విసిరేదీ దాన్నేనని చెప్పండి. డ్రైవరు పారేయకండి, ఖాళీ మైదానంలో సాధన చేసుకుంటాడు. అన్నట్టు అక్టోబరులో ఏసీఎల్ (ఆస్టిన్ సిటీ లిమిట్స్) సంగీతోత్సవం వారాంతాల్లో జిల్కర్ వైపు రాకండి, కారు నిలపడానికే చోటుండదు.