మహేంద్రగిరి: కొండ పేరు రాజుదా, రాజు పేరు కొండదా?

ఒడిశాలో మా గజపతి జిల్లా మహేంద్రగిరికి ఆ పేరు మహేంద్రుడనే రాజు వల్ల వచ్చిందని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. మాది పర్లాకిమిడి, కాస్త పొడుగ్గా రాస్తే ఏమీ అనుకోకండి. (తమిళనాడులో రాకెట్ ఇంజన్లు పరీక్షించే మహేంద్రగిరి వేరు, ఇది 1501 మీటర్ల మా కొండ.)

ఆ రాజు మాట వచ్చింది అలహాబాదు స్తంభ శాసనం నుంచి. సముద్రగుప్తుడికి ఓడిన దక్షిణాది రాజుల వరసలో "పైష్టపురక మహేంద్రగిరి కౌట్టూరక స్వామిదత్త" అని ఉంటుంది. పైష్టపురక అంటే మన పిఠాపురం వాడు. తర్వాత ఎక్కడ విరవాలన్నదే గొడవ. గిరి అన్నది రాజు పేరుకి నప్పదని, గుప్తుల శాసనాల్ని అచ్చువేసిన ఆంగ్ల పండితుడు ఫ్లీట్ దాన్ని విడగొట్టి, పిఠాపురం మహేంద్రుడు, కొండమీది కొట్టూరు స్వామిదత్తుడు అన్నాడు. కానీ అదే వరసలో కౌసలక మహేంద్ర, ఐరండపల్లక దమన, కాంచేయక విష్ణుగోప అని ఉన్నాయి, ముందు ఊరు, వెంటనే రాజు. అలాగే చదివితే పిఠాపురం రాజు పేరే మహేంద్రగిరి. నప్పకపోవడం ఏముంది? మా వీధిలోనే ఇద్దరు సింహాచలాలు, ఒక శేషగిరి ఉన్నారు. కొండ పేరు మనిషికి పెట్టుకోవడం మనకి అలవాటే. అంటే రాజు పేరు అనుకున్నా, అది కొండ నుంచి తెచ్చుకున్నదే.

కాళిదాసు రఘువంశంలో కళింగ రాజుని "మహేంద్రనాథుడు" అంటాడు. కొండని చెప్పి రాజుని గుర్తుపట్టించాడు. విష్ణుపురాణం ఏడు కులపర్వతాల్ని, అంటే భారతదేశపు ముఖ్యమైన కొండల్ని, లెక్కపెడుతూ "మహేంద్రో మలయః సహ్యః" అని దీనితోనే మొదలుపెడుతుంది.

> మాస్టారూ, మీవైపు "మహేంద్రగిరి కొండ" అంటారు కదా, గిరి అన్నా కొండ అన్నా ఒకటే కదా?

అంటామండీ. గిరి పేరులో కలిసిపోయింది, అది కొండ అని వేరే చెప్పాల్సి వస్తోంది. కానీ ఏటి పేరు చూడండి, మహేంద్రతనయ, అందులో గిరి లేదు. పర్లాకిమిడి వైపు పారి వంశధారలో కలిసేది ఒకటి, బారువ దగ్గర సముద్రంలో కలిసేది ఇంకొకటి, రెండూ ఆ కొండల్లో పుట్టినవే, రెండింటికీ అదే పేరు. హిమవంతుడి కూతుర్ని శైలతనయ అన్నట్టే ఇదీ. ఆ పేరు పెట్టినవాళ్ళకి మహేంద్రుడంటే కొండే.