‘పచ్చ గడప’ అంటే ఏ రంగు గడప?

ప్రశ్న (ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి):

పెద్దలకు నమస్కారం. ఇంటికి రంగులు వేయిస్తున్నప్పుడు మా నాయనమ్మ “గడపకి మాత్రం పచ్చ రంగే వెయ్యండిరా” అని చెప్పగా, ఒడియా మాధ్యమంలో చదివిన మా తమ్ముడు ఆకుపచ్చ ఎనామిల్ డబ్బా తెచ్చాడు. సగం పూసేసరికి ఆవిడ చూసి, “పచ్చంటే పసుపు కదరా, లక్ష్మీదేవి తొక్కే గడపకి ఆకు రంగు పూస్తారా?” అని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఒడియాలో హళదియా (పసుపు) వేరు, సబుజ (ఆకుపచ్చ) వేరు కనుక తమ్ముణ్ణి తప్పుపట్టలేను. తెలుగులో ఒకే మాట రెండు రంగులకు ఎలా చెల్లింది?

జవాబు (బరంపురం నుంచి):

మీ నాయనమ్మగారు అన్నది అచ్చమైన పాత వాడుక. పచ్చకామెర్లు, పచ్చసొన, పచ్చజొన్న, పచ్చగన్నేరు అన్న మాటల్లో పచ్చ అంటే పసుపు రంగే; పచ్చగడ్డిలో, పచ్చరాయిలో అది ఆకు రంగు. పసుపు, పసిడి, పసరు, పచ్చ అన్నీ ఒకే ధాతువు నుంచి పుట్టినవి కాబట్టి బంగారానికీ ఆకు రసానికీ భాషలో చుట్టరికం ఉంది. వేరు చేసి చెప్పవలసి వచ్చినప్పుడే మనం పసుపుపచ్చ, ఆకుపచ్చ అంటాము. తమిళంలో పచ్చై ఆకు రంగుకే నిలిచిపోయి, పసుపుకు మంజళ్ అనే వేరే మాట ఉంది.

గుమ్మం ముందు నిలబడి చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది: కింద గడప పసుపుపచ్చ, పైన మామిడాకుల తోరణం ఆకుపచ్చ, ఆ రెంటి మధ్య నుంచి లోపలికి వెళ్లేవారిని దీవించే మాట “ఇల్లు పచ్చగా ఉండాలి” అని. మన సంప్రదాయంలో శుభానికి గుర్తయిన రంగు తలుపు రెక్కలది కాదు, గడపది. అందుకే ఊళ్లో ఇళ్లను లెక్కపెట్టేటప్పుడు కూడా ఇన్ని గడపలు అంటాము గాని ఇన్ని తలుపులు అనము. గడప మీది కుంకుమ బొట్టు కూడా పరాయి రంగు కాదు, పసుపుకు సున్నం తగిలితే వచ్చే ఎరుపే సంప్రదాయ కుంకుమ.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మన ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చాయి. అప్పటి నుంచి చాలామంది పిల్లలకు బడిభాష ఒడియా కావడంతో ఇలాంటి మాటలను ఇంట్లో పెద్దల నోటి నుంచే నేర్చుకోవాలి. మార్గశిరంలో మన ఒడియా పొరుగువారు గురుబారం (గురువారం) నాడు బియ్యప్పిండితో తెల్లని ఝోటి ముగ్గులు, లక్ష్మీపాదాలు వేస్తే, ఆ రోజునే లక్ష్మివారం అని పిలిచే మనం గడపకు పసుపు రాస్తాము. దేవత ఒక్కరే అయినా వాకిట్లో రంగులు రెండు, రెండూ నాకు ప్రియమైనవే.

ఇక మీ గడప సంగతి. ఆకుపచ్చ మీద పసుపు ఎనామిల్ వేయించకండి, ఆ నునుపు మీద రాసే పసుపు నిలవదు, నీళ్లు తగలగానే జారిపోతుంది. ఉప్పుకాగితంతో చెక్క కనబడేదాకా రుద్దించండి. చిక్కగా కలిపిన పసుపును నాయనమ్మగారి చేతనే నాలుగు వేళ్లతో రాయించి, ఆరకముందే బొట్లు పెట్టించండి. పాత చెక్క దాన్ని పీల్చుకుంటుంది.