'బైడ్' అంటే ఉత్తి ఎదురుచూపేనా?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. తాతగారు మా నాన్నకి రాసిన ఇంగ్లీషు ఉత్తరంలో 'బైడ్ యువర్ టైమ్' అని ఉంది. 'వెయిట్' అనొచ్చు కదా?

జవాబు: అమ్మా, గుణుపురంలో ఇంగ్లీషు చెప్పి రిటైరయినవాడిని. అది వెయ్యేళ్లు దాటిన మాట. పాత ఇంగ్లీషులో 'బీడన్'. ఉండిపోవడం, ఎదురుచూడడం రెండూ అదే. 'అబైడ్', నివాసమనే 'అబోడ్' దాని సంతానమే. 'వెయిట్' 1066లో నార్మన్లు వచ్చాక ఫ్రెంచిలోంచి దిగింది, మొదట్లో కాపలా కాయడమని అర్థం. మా అమ్మ రైలు కోసం మూట మీద కూర్చుని 'కాసుకుని ఉన్నాన్రా' అనేది. చూడండి, మనకీ కాపలాలోంచే ఎదురుచూపు వచ్చింది! 'బైడ్'లో ఆ చూపు లేదు, కదలకుండా నిలబడడం ఉంది. అందుకే 'అబైడ్'కి ఓర్చుకోవడమనే అర్థమూ వచ్చింది. నాకు చాలా ఇష్టమైన మాట.

మరో ప్రశ్న: జయపురం నుంచి. మేస్టారూ, ఇప్పుడు వాడితే తప్పా?

జవాబు: తప్పు కాదు బాబూ. విడిగా అరుదు, 'టైమ్' పక్కన మాత్రం బాగా బతికుంది. అదను కోసం ఓపిక పట్టడమని.

అడిగినవారు: మేస్టారూ, అప్పటికి నాన్నకి ఉద్యోగం లేదు. ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయింది. ఆ మాట కింద మాత్రం నాన్న పెన్సిలు గీత ఇంకా కనిపిస్తోంది.